పనులన్నీ ఒకేసారి మీద పడ్డప్పుడు ఒక్కొక్కటిగా తెమల్చుకోవడం ఎలా

పద్దెనిమిదో తేదీ ఉదయం పదకొండు గంటలకు ఏ అకౌంట్స్ ఆఫీసులోకైనా తొంగి చూడండి. ఒక పక్క లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీ తెరిచి ఉంటుంది, ఇంకో పక్క జీఎస్టీ పోర్టల్ తిరుగుతూనే ఉంటుంది, వాట్సాప్‌లో ఎవరో మసకగా ఉన్న బిల్లు ఫొటో పెట్టి "మేడమ్ చూశారా" అని రెండోసారి అడుగుతుంటారు, ఈలోగా ఓనర్ గారు లోపలి నుంచి బ్యాంకు స్టేట్‌మెంట్ కావాలని కేకేస్తారు. సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు ఆ సీట్లో ఉన్న మనిషిని అడిగితే, పొద్దున్నుంచి కుర్చీలోంచి లేవలేదు గానీ ఏం చేశానో చెప్పమంటే చెప్పలేను అంటారు. తలనొప్పి మాత్రం ఖాయం.

నేనూ ఈ లైన్లోనే ఉన్నాను కాబట్టి ఉదాహరణలు ఇక్కడివే ఇస్తాను. మీది సాఫ్ట్‌వేర్ అయినా, కాలేజీ ఆఫీసైనా, సచివాలయం డ్యూటీ అయినా పేర్లు మార్చుకుంటే చాలు.

ముందే ఒకటి తేల్చుకుందాం. ఒకసారికి ఒక్క పని అంటే రోజంతా ఒక్కటే పని అని కాదు, అంత అదృష్టం ఉన్న ఉద్యోగం నాకు తెలిసి ఎవరికీ లేదు. పని ఎక్కువ ఉన్నందుకు వచ్చే టెన్షన్ కొంతే. నాలుగైదు పనులు సగం సగం చేసి వదిలేసి, అవన్నీ ఒకేసారి బుర్రలో తిరుగుతుంటే వచ్చేది అసలు టెన్షన్. కాబట్టి నేర్చుకోవలసింది ఒక పని నుంచి ఇంకో పనికి మారేటప్పుడు మొదటిదాన్ని ఎక్కడ, ఎలా ఆపాలన్నది. మిగతా స్టెప్పులన్నీ దానికి సాయం చేసేవే.

"నేను అన్నీ ఒకేసారి మేనేజ్ చేసేస్తాను" అనేవాళ్లు మీ ఆఫీసులో కూడా ఉంటారు, వాళ్లు అబద్ధం చెప్పడం లేదు కూడా. 2008లో గ్లోరియా మార్క్ అనే పరిశోధకురాలు మరో ఇద్దరితో కలిసి ఒక ప్రయోగం చేశారు. కొంతమందికి మెయిళ్లకు జవాబులు రాసే పని అప్పగించి, వాళ్లలో కొందరిని మాత్రం మధ్యమధ్యలో వేరే ప్రశ్నలతో కదిలించారు. కదిలించినవాళ్లు పని ఇంకా తొందరగానే ముగించారు, నాణ్యత కూడా తగ్గలేదు. కానీ చిరాకు, టైమ్ చాలడం లేదన్న ఒత్తిడి వాళ్లలోనే ఎక్కువ కనిపించాయి. అంటే పని అవుతుంది, కాకపోతే దాని ఖరీదు మన ఒంటి మీద పడుతుంది.

1. బుర్రలో ఉన్నవన్నీ కాగితం మీద పెట్టండి

పొద్దున సీట్లో కూర్చోగానే మెయిల్ తెరవకండి. ఒక తెల్ల కాగితం తీసుకుని పది నిమిషాలపాటు తలలో ఉన్నవన్నీ రాసేయండి, పెద్దదీ చిన్నదీ అని చూడొద్దు, ఆఫీసుదీ ఇంటిదీ అని కూడా చూడొద్దు. గ్యాస్ బుకింగ్, పిల్లాడి స్కూల్ ఫీజు కూడా అందులోనే రావాలి, ఎందుకంటే మనసు వాటిని వేరు చేసి దాచదు కదా, టాలీలో ఎంట్రీ వేస్తుండగానే ఫీజు గుర్తొస్తుంది.

అయితే చాలామందికి లిస్టు రాసినా టెన్షన్ తగ్గదు. కారణం వాళ్లు రాసే తీరులో ఉంది. "జీఎస్టీ", "ఆడిట్", "బ్యాంకు" అని రాస్తారు. అవి పనులు కావు, పనుల గుంపుల పేర్లు. వాటిని చూస్తే గుండె ఇంకాస్త బరువెక్కుతుంది. "బ్యాంకు" అని రాసే బదులు "కరెంట్ అకౌంట్ స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేసి ఓనర్ గారికి పంపాలి, మధ్యాహ్నం భోజనానికి ముందు" అని రాయండి. చేతులు ముందుగా ఏం చేయాలో, ఎప్పుడు చేయాలో, రెండూ ఆ వాక్యంలో ఉండాలి.

దీని వెనుక ఒక సంగతి ఉంది. పూర్తి చేసిన పనులకన్నా మధ్యలో ఆగిపోయిన పనులే మనకు ఎక్కువ గుర్తుంటాయని బ్లూమా జైగార్నిక్ అనే ఆవిడ 1927లోనే రాశారు. తర్వాత 2011లో మాసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు చేసిన ప్రయోగాల్లో ఇంకో విషయం బయటపడింది. అలా సతాయించే పనిని అప్పటికప్పుడు పూర్తి చేయక్కర్లేదు, ఎప్పుడు ఎలా చేస్తామో ఖచ్చితంగా ప్లాన్ వేసుకుంటే చాలు, అది మనసులోకి చొరబడటం తగ్గుతుంది. ఉత్త పేరు రాస్తే ఆ లాభం రాదు, అందుకే వాక్యంలా రాయమంటున్నాను.

2. ఒక్కటి ఎంచుకోండి

ఇక్కడ ఎక్కువ ఆలోచించొద్దు. తేదీ దాటితే డబ్బు పోయేది ముందు, నా వల్ల ఇంకొకరి పని ఆగిపోయింది తర్వాత, మిగతావన్నీ ఆ తర్వాత.

మా లైన్లో ఇది తేలిక, తేదీలే చెప్పేస్తాయి. టీడీఎస్ (చెల్లింపుల్లోంచి ముందే కోసే పన్ను) కట్టడానికి ఏడో తేదీ, అమ్మకాల వివరాలిచ్చే నెలవారీ జీఎస్టీఆర్ 1కి పదకొండు, పీఎఫ్, ఈఎస్ఐలకు పదిహేను, జీఎస్టీ లెక్కచూపి కట్టే జీఎస్టీఆర్ 3బీకి ఇరవై. కోసిన టీడీఎస్ టైముకు కట్టకపోతే నెలకు ఒకటిన్నర శాతం వడ్డీ, 3బీ ఆలస్యమైతే కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ, లేట్ ఫీజు అదనం. ఎవరు ఎంత గట్టిగా అరుస్తున్నారన్నది ఈ లెక్కలోకి రాకూడదు. మసక బిల్లు పంపి రెండుసార్లు అడిగినాయన పని అర్జెంటు అని మనకు అనిపిస్తుంది, ఎందుకంటే ఆయన అడుగుతున్నాడు. ఇరవయ్యో తేదీ ఎవరినీ అడగదు, వచ్చి కూర్చుంటుంది.

మీ ఉద్యోగంలో ఇలాంటి తేదీలు లేకపోతే మీ పైవాళ్లనే అడగండి, "ఈ మూడింటిలో ఇవాళ ఏది తప్పనిసరిగా కావాలి?" అని. అడగడం చిన్నతనం కాదు. మూడూ కావాలి అనే బాసులూ ఉంటారు, వాళ్ల సంగతి చివర్లో చెప్తాను.

3. ఎక్కడ ఆపుతారో ముందే రాసుకోండి

ఎంచుకున్న పని పెద్దదైతే ముక్క చేయండి. "2బీతో పర్చేజ్ రిజిస్టర్ సరిచూడటం" (మనకు అమ్మినవాళ్లు చూపించిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ ఇచ్చే పట్టికను మన కొనుగోళ్ల పుస్తకంతో పోల్చడం) అంటే మూడు వందల బిల్లులు, కూర్చోగానే నీరసం వస్తుంది. "మొదటి అరవై బిల్లులు" అంటే పని మొదలవుతుంది. అరవై అవగానే టిక్కు పెట్టి లేవండి.

టైమర్ పెట్టుకుంటే మంచిదే. ఇరవై అయిదు నిమిషాలు పని, అయిదు నిమిషాలు విరామం అనే పద్ధతిని 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో చిరిల్లో అనే ఇటలీ ఆయన, టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్‌తో మొదలుపెట్టారు. నా అభిప్రాయం అడిగితే లెక్కలు సరిచూసే పనికి ఇరవై అయిదు తక్కువ, అప్పుడే లయలో పడుతుండగా గంట మోగుతుంది. నలభై, నలభై అయిదు బాగుంటుంది. వాయిదా వేస్తూ వస్తున్న పని, చూస్తేనే విసుగొచ్చే పని అయితే మాత్రం పది నిమిషాలే పెట్టుకోండి.

4. బల్ల మీద, తెర మీద ఆ పనే ఉంచండి

మిగతా ట్యాబులు మూసేయండి. పోతాయేమోనని భయముంటే బుక్‌మార్క్ చేసి మూసేయండి. వేరే ఫైళ్లు బల్ల మీద నుంచి తీసి వెనక అల్మరాలో పెట్టండి, కంటి ముందు ఉన్న ప్రతి ఫైలూ చేయి పట్టుకుని లాగుతూనే ఉంటుంది.

ఫోన్ దగ్గరే అసలు చిక్కు. ఆపేయమంటే మన ఇళ్లల్లో కుదరదు, అమ్మకి ఒంట్లో బాగోలేకపోవచ్చు, స్కూల్ నుంచి ఫోన్ రావచ్చు. డు నాట్ డిస్టర్బ్ పెట్టి, అందులో ఇంట్లోవాళ్ల నంబర్లకు మాత్రం అనుమతి ఇవ్వండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో అదే సెట్టింగులో ఇంకోటుంది, ఒకే మనిషి పదిహేను నిమిషాల్లో రెండోసారి చేస్తే ఫోన్ మోగేలా పెట్టుకోవచ్చు. నిజంగా అర్జెంటైనవాళ్లు ఎలాగూ రెండోసారి చేస్తారు. వాట్సాప్ గ్రూపుల్ని ఎనిమిది గంటలు మ్యూట్ చేసే సదుపాయం ఉంది, పొద్దున ఆఫీసుకు రాగానే అది నొక్కితే సాయంత్రం దాకా గుడ్ మార్నింగ్ పువ్వుల బాధ ఉండదు.

5. మధ్యలో ఎవరైనా వస్తే

అన్నిటికన్నా ముఖ్యమైన స్టెప్ ఇదే. ఎన్ని తలుపులు మూసినా ఎవరో ఒకరు వస్తారు. రానీయండి.

మనవాళ్లు మల్టీటాస్కింగ్ గొప్పదని చెప్పడానికి అష్టావధానాన్ని ఉదాహరణగా తెస్తుంటారు. ఎప్పుడైనా ఒక అవధానానికి వెళ్లి శ్రద్ధగా చూస్తే సరిగ్గా దానికి వ్యతిరేకమైన పాఠం దొరుకుతుంది. చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలడిగేవాళ్లు ఉంటారు, సమస్య, దత్తపది, వర్ణన, నిషిద్ధాక్షరి ఇలా ఒక్కొక్కరిది ఒక్కో అంశం. కానీ అవధాని ఎనిమిదీ ఒకేసారి చేయరు. ఒక పృచ్ఛకుడి వైపు తిరుగుతారు, ఆయన పద్యానికి ఒక పాదం చెప్తారు, ఆ పాదం పూర్తయ్యాకే పక్కాయన వైపు తిరుగుతారు. పద్యాలడిగిన వాళ్లందరికీ ఇలా ఆవృత్తానికి (ఒక చుట్టుకు) ఒక పాదం చొప్పున నాలుగు ఆవృత్తాలు, చివర్లో ధారణ, అంటే ఆ పద్యాలన్నీ గుర్తుంచుకుని తిరిగి చెప్పడం. పాదం సగంలో వదిలేసి ఇంకొకరి దగ్గరికి పోవడం ఉండదు. పైగా అక్కడ మధ్యమధ్యలో అడ్డొచ్చి సంబంధం లేని ప్రశ్నలు వేయడానికే ఒకాయన ఉంటారు, అప్రస్తుత ప్రసంగి. ఆయన్ని అవధాని తిట్టరు, ఆయన వెనక పడి పోరు కూడా. ఒక చమత్కారంతో జవాబిచ్చి మళ్లీ తన పాదానికి వచ్చేస్తారు. మన ఆఫీసుల్లో అప్రస్తుత ప్రసంగి ఎవరో మీకు నేను చెప్పక్కర్లేదు.

మనకు ఆ ధారణ లేదు, అందుకని కాగితం వాడాలి. పక్కన చిన్న స్లిప్పుల కట్ట పెట్టుకోండి. ఎవరైనా పిలిచినప్పుడు వెంటనే తలెత్తకుండా "ఒక్క నిమిషం" అని, చేతిలో ఉన్న బిల్లు పూర్తి చేసి, స్లిప్పు మీద ఒక్క లైను రాయండి. ఉదాహరణకు: "సిమెంటు డీలర్ బిల్లు, 2బీలో 147, మన రిజిస్టర్‌లో 0147, మనది సరిచేయాలి, తర్వాత వరస 63 నుంచి." అంతే, పది సెకన్ల పని. ఆ స్లిప్పు కీబోర్డు మీద పెట్టి అప్పుడు తలెత్తండి. తిరిగొచ్చాక ఆ సున్నా తేడా ఎక్కడ పట్టుకున్నామో మళ్లీ మొదటి నుంచి వెతుక్కునే బాధ తప్పుతుంది. ఇంకా పెద్ద లాభం ఏంటంటే, వచ్చిన మనిషితో మాట్లాడుతున్నంతసేపూ "నేను ఎక్కడ ఆపాను" అని లోపల గొణుక్కోవడం ఆగిపోతుంది. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో ఇదే చూపించారు, పని మారినా మన ధ్యాసలో కొంత పాత పని దగ్గరే అతుక్కుని ఉంటుందని. 2018లో ఆవిడే ఇంకొకరితో కలిసి చేసిన పరిశోధనలో, వదిలే ముందు తిరిగి ఎక్కడ మొదలుపెట్టాలో క్లుప్తంగా రాసుకున్నవాళ్లు తర్వాతి పని మీద మెరుగ్గా ధ్యాస పెట్టగలిగారని తేలింది.

ఇక వచ్చిన మనిషికి ఏం చెప్పాలి? "బిజీగా ఉన్నాను" అనొద్దు, అందరూ బిజీయే, ఆ మాటకు విలువ పోయింది. చేస్తున్న పని పేరు, మీరు ఖాళీ అయ్యే టైము చెప్పండి.

"స్టేట్‌మెంట్ ఏమైందమ్మా?"

"2బీ చూస్తున్నాను సార్, ఇంకో ఇరవై బిల్లులున్నాయి. పన్నెండింటికల్లా పంపితే పర్లేదా, లేక ఇప్పుడే కావాలా?"

"పన్నెండు పర్లేదు. ఒంటిగంటకి బ్యాంకాయన వస్తాడు."

చూశారా, ఎక్కువసార్లు జరిగేది ఇదే. ఆయనకు ఇప్పుడే అక్కర్లేదు, గుర్తొచ్చింది కాబట్టి అడిగారు. కాదు ఇప్పుడే కావాలంటే స్లిప్పు రాసి, ఆ పని మొదలుపెట్టి, అది పూర్తిచేసి వెనక్కి రండి. రెండూ కలిపి చేయొద్దు. మీరు చెప్పిన పన్నెండు మాత్రం దాటొద్దు, రెండుసార్లు మాట తప్పితే మూడోసారి ఎవరూ ఆగరు.

కొన్ని అడ్డంకులు ముందే తెలిసినవి ఉంటాయి. మాకు ఓటీపీలు అలాంటివి. రిటర్న్ ఫైల్ చేసేటప్పుడు ఓటీపీ క్లయింట్ ఫోన్‌కి పోతుంది, ఆయన పెళ్లిలో ఉంటాడు, మనం ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. పొద్దున్నే అందరికీ "నాలుగు నుంచి అయిదు మధ్య ఓటీపీ వస్తుంది, ఫోన్ దగ్గర పెట్టుకోండి" అని మెసేజ్ పెట్టి ఫైలింగులన్నీ ఆ గంటలోకి తోసేస్తే పగలంతా చేతికి దొరుకుతుంది.

6. కౌంటర్‌లో కూర్చునేవాళ్లు అయితే

నలభై నిమిషాలు ఎవరూ కదిలించకుండా ఉండటం మీకు కుదరదు, తెలుసు. బ్యాంకు కౌంటరు, ఆసుపత్రి రిసెప్షను, మీసేవ కేంద్రం, ఎక్కడైనా మీ యూనిట్ టైము కాదు, మనిషి. ఎదురుగా ఉన్నాయన పని పూర్తయ్యేదాకా, లేదా ఆయన చేతికి టోకెనో రసీదో వచ్చేదాకా, పక్క నుంచి చేయి చాపినవాళ్ల కాగితం అందుకోకండి. అందుకున్నారంటే ఇద్దరి పనీ మీ తలలోకి వచ్చేసినట్టే. "వీరిది అవగానే మీదే అండీ" అని కళ్లలోకి చూసి చెప్తే చాలామంది ఆగుతారు. వాళ్లకు కావలసింది తమని చూశారన్న భరోసా.

ఫోనులో అడిగేవన్నీ ఒక కాగితం మీద వరసగా రాసి, క్యూ తగ్గినప్పుడు ఒకేసారి తిరిగి చేయండి.

7. మీరే పని వదిలి పారిపోతుంటే

ఎవరూ పిలవకపోయినా మన చేయే ఫోన్ మీదికి పోతుంది. ఎక్కువగా పని కష్టమైన చోటికి వచ్చినప్పుడు పోతుంది, గమనించండి. తేడా ఎక్కడో దొరకడం లేదు, మొత్తం కుదరడం లేదు, వెంటనే "ఒకసారి మెయిల్ చూద్దాం" అనిపిస్తుంది. అప్పుడు లేచి మంచినీళ్లు తాగి రండి, కిటికీ దగ్గర రెండు నిమిషాలు నిలబడండి, కానీ ఇంకో పని మాత్రం తెరవకండి. నిలబడి ఉన్నప్పుడే తేడా గుర్తొస్తుంది చాలాసార్లు. అప్పటికీ తేలకపోతే "ఇక్కడ చిక్కుకున్నాను, సీనియర్ సార్‌ని అడగాలి" అని స్లిప్పు రాసి, పని మారండి. చిక్కుముడి దగ్గర రెండు గంటలు కూర్చోవడం కూడా ఒక్క పని మీద ధ్యాస కిందికి రాదు.

8. సాయంత్రం కంప్యూటర్ కట్టేసే ముందు

పది నిమిషాలు మిగుల్చుకోండి. పొద్దున రాసిన కాగితం తీసి అయినవి కొట్టేయండి, కానివాటికి ఎదురుగా ఎప్పుడు చేస్తారో రాయండి, రేపు మొదట ముట్టుకునే పని ఏదో పైన పెద్దగా రాయండి. కాగితం ఆఫీసులోనే వదిలేయండి. రాత్రి అన్నం తింటుండగా ఏదో గుర్తొస్తే, ఫోన్లో మీకు మీరే ఒక్క లైను మెసేజ్ పెట్టుకుని ఊరుకోండి.

మొదటి వారమే ఇవన్నీ పాటించాలని కూర్చుంటే అదో కొత్త టెన్షన్. ముందు ఒక్క స్లిప్పు అలవాటు చేసుకోండి, మిగతావి మెల్లగా చేరతాయి.

ఇంత చేసినా పని తెమలకపోతే

అప్పుడు లోపం మీ ధ్యాసలో లేదు, ఇద్దరు చేయాల్సిన పని మీ ఒక్కరి మీద ఉంది. దీన్ని మామూలుగా చెప్తే "అందరూ చేస్తున్నారుగా" అంటారు, అందుకే కాగితం తీసుకెళ్లండి. రెండు వారాల లిస్టులు దాచి, ఏ పనికి ఎంత టైము పట్టిందో పక్కన రాసి, "సార్, ఇవన్నీ చేయాలంటే రోజుకు పదకొండు గంటలు పడుతున్నాయి, వీటిలో ఏది ఆపమంటారు, ఏది వేరేవాళ్లకి ఇస్తారు?" అని అడగండి. మూడూ కావాలనే బాసు కూడా కాగితం ముందు కొంచెం తగ్గుతారు. అందరూ తగ్గుతారని చెప్పను. తగ్గని చోట ఎంతకాలం ఉండాలన్నది మీ ఇంటి లెక్కలను బట్టి మీరే తేల్చుకోవాలి.

ఇంకోటి. రాత్రుళ్లు నిద్ర పట్టక వారాలు గడిచిపోతున్నా, ఆఫీసు గుర్తొస్తేనే గుండె దడ వస్తున్నా, ఏ పనీ మొదలుపెట్టలేకపోతున్నా, అది స్లిప్పులతో పోయేది కాదు, డాక్టర్‌కు చూపించుకోవాలి. ఎవరిని అడగాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ ఉంది, నంబరు 14416. డబ్బులు కట్టక్కర్లేదు, పగలూ రాత్రీ ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.